ప్రొబేషన్ ఆఫీసరు కావాలనుకుంటున్న మేనకోడలికి

ఎర్రగుంట్ల



క్రిమినాలజీలో పీజీ చేస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి మీ అమ్మకు నిద్ర లేదు. ఆడపిల్లకు జైళ్ళు, పోలీసు స్టేషన్ల గొడవ ఎందుకని ఫోన్ చేసినప్పుడల్లా నన్నే అడుగుతోంది. జైలుకు పోవాల్సిన అవసరం లేని మనిషిని జైలుకు పోకుండా చూసే పని ఇదని చెప్పినా ఆమెకు కుదుట పడలేదు. నువ్వు మాత్రం వెనక్కి తగ్గొద్దు. ఇదే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, ఆ చదువులో దేన్ని గట్టిగా పట్టుకోవాలో రాస్తున్నా.

ముందు చట్టం. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్టులో ఉన్నవి 19 సెక్షన్లే. ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, దోషి అని తేలినవాణ్ణి కూడా మంచి నడవడికకు బాండు రాయించుకుని వదిలే వీలు 4వ సెక్షన్‌లో ఉంది. ఆ గడువు మూడేళ్ళు దాటదు. 6వ సెక్షన్ ఇంకా గట్టిది. యావజ్జీవం పడని నేరానికి 21 ఏళ్ళు నిండనివాణ్ణి జైలుకు పంపాలంటే కోర్టు ముందు మన రిపోర్టు తెప్పించుకోవాలి, ఎందుకు పంపుతున్నదో కారణాలు రాయాలి. 1964లో గుర్గావ్‌కు చెందిన పదహారేళ్ళ పిల్లోడి కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. వాడికి కింది కోర్టు శిక్ష వేసేనాటికి ఆ ప్రాంతంలో ఈ చట్టమే అమలు కాలేదు. అయినా మనిషిని బాగుచేయడానికి వచ్చిన చట్టాన్ని అప్పీలు దశలోనైనా వర్తింపజేయొచ్చని మెజారిటీ తీర్పు రాసింది మన రాజమండ్రి బిడ్డ కోకా సుబ్బారావు గారు. ఒక జడ్జి ఒప్పుకోలేదు. రెండు భాగాలూ చదువు. ఒప్పుకోనివాళ్ళ వాదన తెలియకుండా కోర్టులో నిలబడలేవు.

అసలు పని రిపోర్టులో ఉంది. ఒక పిల్లోడి సంగతి చెప్తాను. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో కూలి. రైతు బోరు మోటారు కేబుల్ కోసుకుపోయి, పైతొడుగు కాల్చి, రాగి తీసి పాతసామాన్ల అంగట్లో అమ్మినాడు. పోలీసు కాగితాల్లో ‘జల్సాలకు అలవాటు పడి’ అని ఉంది. ఆ మాట చానా కేసుల్లో ఉంటుంది. వాళ్ళింటికి పోయి అరుగు మీద కూర్చుంటే చానాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి వాళ్ళమ్మ ట్రంకుపెట్టెలోంచి ఒక చీటీ తెచ్చి చూపించింది. తండ్రి మందులకని మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, దానికింద వారం వారం పట్టుకున్న కూలి లెక్క అందులో రాసి ఉన్నాయి. చాలా వారాలుగా వాడి చేతికి ఒక్క పైసా రాలేదు. తర్వాత రైతు దగ్గరికి పోయినా. కేబుల్ కన్నా ఎక్కువగా ఆయన్ను బాధపెట్టింది నీళ్ళందక ఎండిపోయిన చీనీచెట్లు. రెండూ రాసినా. పిల్లోడి పేదరికం రాసి రైతు నష్టం దాస్తే అది రిపోర్టు కాదు, వకాల్తా అవుతుంది. కోర్టు బాండు మీద వదిలి, 5వ సెక్షన్ కింద రైతుకు నష్టపరిహారం కట్టమంది.

అందుకే చెప్తున్నా, ఊర్లోకి పోలీసు జీపులో పోవద్దు. బస్సులో పో. ‘మంచివాడు’, ‘చెడ్డవాడు’ అని రాయొద్దు, చూసింది రాయి. ఆడ ఆఫీసరుకైతే తల్లులు ఇంట్లోకి పిలిచి, నాకు చెప్పని మాటలు కూడా చెప్తారు. మీ అమ్మకు ఈ మాట నేనే చెప్తాను.

థియరీలు దండగ అనేవాళ్ళ మాట వినొద్దు. గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా 1957లో రాసిన వ్యాసం శ్రద్ధగా చదువు. తప్పు చేసినవాడు తనకు తాను చెప్పుకునే సమాధానాలను వాళ్ళు ఐదు రకాలుగా విడదీశారు. వాటిలో ఒకటి, నా వాళ్ళ కోసం చేశానని అనుకోవడం. అమెరికా పిల్లల గురించి రాసిందే అయినా మన ఫ్యాక్షన్ ఊర్లకు అచ్చంగా సరిపోతుంది. ‘మా అన్న కోసం పోయినా సార్’ అనే పిల్లోణ్ణి మళ్ళీ ఆ అన్న ఇంటి ముందే వదిలితే బాండు వల్ల ఏం లాభం? యాడ ఉండాలో షరతు పెట్టే వీలు చట్టంలోనే ఉంది. వాడికి వేరే ఊర్లో మేనత్తో, పనిచ్చే మనిషో ఉన్నారా అని వెతికి కోర్టుకు చెప్పాల్సింది నువ్వే.

మన శాస్త్రం పేరు చెప్పి జరిగిన అన్యాయం కూడా తెలుసుకో. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. కులాలకు కులాలనే పుట్టుకతో దొంగలన్నారు. 1913లో వెలసిన స్టూవర్టుపురం ఆ చట్టం కింద పెట్టిన సెటిల్మెంటే. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది గానీ, అనుమానం నేటికీ పోలేదు. నీ రిపోర్టులో కులం మీద నింద వేసే వాక్యం ఒక్కటి కూడా రాకూడదు.

ఇక కోర్సుల సంగతి. మద్రాసు యూనివర్సిటీలో క్రిమినాలజీ ఉంది, ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్)లోనూ ఉంది. అయితే సీటు తీసుకునే ముందు పాత ఉద్యోగ నోటిఫికేషన్లు తిరగెయ్. ఒకచోట సోషల్ వర్క్ అడుగుతారు, జిల్లా బాలల సంరక్షణ యూనిట్లో లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసరు పోస్టుకు లా డిగ్రీ కావాలి. అవి కాంట్రాక్టు పోస్టులు, జీతం తక్కువ. ఈ మాట నీకు ముందే తెలియాలి. పిల్లల కేసుల్లో సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టుకు చట్టం ఇచ్చేది పదిహేను రోజులే, కాబట్టి త్వరగా, తేట తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకో. ఉద్యోగం వచ్చాక ట్రైనింగు వేలూరులో ఉంటుంది. జైళ్ళ, ప్రొబేషన్ అధికారుల కోసం 1979లో పెట్టిన అకాడమీ అది, మన రాష్ట్రం వాళ్ళకూ అక్కడే.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇంకో దారి తెరిచారు. మొదటిసారి దొంగతనం చేసి, సొమ్ము విలువ 5,000 రూపాయల లోపై, దాన్ని తిరిగి ఇచ్చేస్తే వేసే శిక్ష సమాజ సేవ. ఆ సేవ ఎట్లా చేయించాలి, యాడ చేయిస్తే మనిషికి అవమానం కాకుండా ఉంటుంది, ఎవరు చూసుకోవాలి అన్నది మీ తరం తేల్చాలి. ప్రాజెక్టుకు అంశం కావాలన్నావు కదా, దీన్నే తీసుకో.

సంక్రాంతి సెలవులు అయినాక కూడా ఒక వారం ఉండేట్టు రా. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు కోర్టుల్లో నీకు పరిచయం చేయాల్సినవాళ్ళున్నారు. వచ్చేటప్పుడు సిలబస్ కాగితం మర్చిపోవద్దు.

ఇట్లు
మీ మామ