కీళ్ళవాతం ఉన్నవారికి తొడల్లో సత్తువ తగ్గితే...

నాట్ల రోజుల్లో ఒళ్ళు నొప్పులు లేని మనిషి పల్లెలో కనిపించరు. పగలంతా నడుం వంచి నాటేస్తే రాత్రికి తొడలు, పిక్కలు పట్టేస్తాయి. రెండు మూడు రోజులు వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటే అవే సర్దుకుంటాయి. ఇది జబ్బు కాదు. కాని మీ ఇంట్లో కీళ్ళవాతం, లూపస్, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా వంటి జబ్బులకు ఏళ్ళ తరబడి మందులు వాడుతున్నవారుంటే, వాళ్ళు ‘నొప్పి అంతగా లేదు గాని కూర్చుంటే లేవలేకపోతున్నా’ అన్నారంటే ఆ మాటను తేలిగ్గా తీసేయకండి.

ఈ జబ్బులన్నిటిలోనూ జరిగేది ఒక్కటే. బయటి క్రిములతో పోరాడవలసిన శక్తి మన ఒంటిమీదికే తిరగబడుతుంది. కలుపు చావాలని కొట్టిన మందు పైరునే మాడ్చినట్టన్నమాట. అది కీళ్ళ మీద పడితే కీళ్ళవాతం, కండరాల మీద పడితే కండరాల వాపు. దీన్నే డాక్టర్లు మయోసైటిస్ అంటారు. సినీనటి సమంత తనకు ఈ జబ్బు ఉందని 2022లో చెప్పాక ఈ పేరు మన ఊళ్ళల్లోనూ వినబడింది. ఇది విడిగా రావచ్చు, పైన చెప్పిన జబ్బులకు తోడుగానూ రావచ్చు. వాపు అన్నారు కదా అని కాలు లావెక్కిందా అని చూడకండి. పైకి ఏమీ కనబడకుండానే లోపల కండ దెబ్బతింటూ ఉంటుంది.

గుర్తు పట్టడం ఎలా? నొప్పిని బట్టి కాదు, పనిని బట్టి చూడాలి. ముందుగా సత్తువ తగ్గేది తొడలు, తుంటి, భుజాల్లో. పీట మీద కూర్చున్న మనిషి చేతులు ఊనకుండా లేవలేరు. బస్సు మెట్టు ఎక్కడానికి కమ్మీ పట్టుకుని ఒంటిని లాక్కోవాలి. నిండు బిందె చంకకెత్తుకోలేరు, గడ్డిమోపు నెత్తికెత్తుకోలేరు. జడ వేసుకుంటుంటే చేతులు మధ్యలోనే దిగిపోతాయి. ఇవన్నీ రెండు వైపులా ఒకేలా, కొన్ని వారాల్లోనో నెలల్లోనో నెమ్మదిగా ముదురుతాయి. మనిషి చూడ్డానికి బాగానే ఉంటుంది గనుక ‘పని తప్పించుకుంటోంది’ అని ఇంట్లోవాళ్ళే అంటారు. ఆ మాటపడలేక ఆడవాళ్ళు చెప్పడం మానేస్తారు. ఆలస్యం చాలావరకు ఇక్కడే జరుగుతుంది.

కొందరికి చర్మం మీదా జాడ కనబడుతుంది. కనురెప్పలు ఉబ్బి వంకాయ రంగు తేలడం, వేళ్ళ కణుపుల మీద గరుకు మచ్చలు, మెడకింద ఎండ తగిలేచోట నల్లబడడం. పురుగుమందు పడలేదని అనుకుని మలాములు పూస్తూ కూర్చోవద్దు. పురుగుమందు విషం తీరు వేరు. కొట్టిన కొన్ని గంటల్లోనే చొంగ, చెమటలు, వాంతులు, కండరాలు అదరడం మొదలవుతాయి. అప్పుడైతే నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. కీళ్ళవాతానికి, లూపస్‌కు వాడే స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ మోతాదులో చాలాకాలం పడితే అవే తొడల కండను కరిగిస్తాయి. అప్పుడూ మనిషి లేవలేరు. చూపుకు రెండూ ఒక్కటే, వైద్యం మాత్రం తలకిందులు. కండరాల వాపైతే స్టెరాయిడ్ పెంచాలి, స్టెరాయిడ్ వల్ల వచ్చిన నీరసమైతే తగ్గించాలి. అందుకే మీకై మీరు మాత్రలు పెంచొద్దు, భయపడి ఒక్కసారిగా మానొద్దు. కొంతకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. పొట్లాల్లో కట్టిచ్చే ‘వాతం పొడి’ కూడా వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చూపించండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉన్న సందర్భాలున్నాయి. థైరాయిడ్ లోపం, కొలెస్ట్రాల్ మాత్రలు కూడా ఇలాంటి నీరసం తెస్తాయి.

తేడా తేల్చడానికి మొదటి మెట్టు సి.పి.కె. అనే రక్తపరీక్ష. కండ దెబ్బతింటే అందులోని పదార్థం రక్తంలోకి కారుతుంది. మామూలుగా ఇది సుమారు 200 యూనిట్ల లోపు ఉంటుంది. కండరాల వాపులో పది రెట్లు, ఒక్కోసారి అంతకు మించి పెరుగుతుంది. స్టెరాయిడ్ నీరసంలో సాధారణంగా పెరగదు. చర్మం మచ్చలతో వచ్చే రకంలో కొందరికి వాపున్నా పెరగకపోవచ్చు గనుక ఈ ఒక్క కాగితంతో తీర్పు చెప్పరు. ఎం.ఆర్.ఐ. తీస్తారు, అవసరమైతే కండలో చిన్న ముక్క తీసి చూస్తారు. పరీక్షకు ముందు నాలుగైదు రోజులు బరువు పనులు, కండకు సూదులు వద్దు. వాటితోనూ సి.పి.కె. పెరుగుతుంది.

ఇంకో పొరపాటు మన వైపు ఎక్కువ. ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. పెరిగాయని కాలేయం జబ్బనుకుని పసరు మందుకు తీసుకెళతారు. ఈ రెండూ కండలోనూ ఉంటాయి. బిలిరుబిన్ సరిగానే ఉండి, కళ్ళు పచ్చబడకుండా, మనిషి లేవలేకపోతుంటే సి.పి.కె. చూడమని మీరే అడగండి.

వాపే అని తేలితే స్టెరాయిడ్‌తో మొదలుపెట్టి నెలల మీద తగ్గిస్తూ, తోడుగా మిథోట్రెక్సేట్, అజథయోప్రిన్ వంటివి ఇస్తారు. మిథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణాలు పోయినవారున్నారు. మీ ఊరి సంత రోజును గుర్తు పెట్టుకుంటే మరిచిపోరు. గర్భం కోరుకునేవారు ఈ మందు సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాలి. నలభై దాటినవారికి చర్మం మచ్చలతో ఈ జబ్బొస్తే లోపల క్యాన్సరు ఉందేమోనని కూడా వెతుకుతారు. అందరికీ ఉంటుందని కాదు, బెదిరి వెనక్కి రావద్దు.

మింగుడు పడకపోవడం, తాగిన నీళ్ళు ముక్కులోంచి రావడం, పొడిదగ్గుతో ఆయాసం, మూత్రం కషాయం రంగులో రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి.

మందు పట్టాక సి.పి.కె. ముందు దిగుతుంది, సత్తువ నెలల తర్వాత వస్తుంది. పూర్వం మంచం దిగొద్దనేవారు. ఇప్పుడు డాక్టరు చెప్పిన మేరకు వ్యాయామం చేయడమే మేలని తేలింది. మొదట ఖాళీ బిందె, తర్వాత చెంబెడు నీళ్ళతో బిందె, అలా పెంచుకుంటూ పోవాలి. మచ్చలున్నవారు పొలం పని పొద్దెక్కక ముందే ముగించుకుని, పొడుగు చేతుల చొక్కా, తలగుడ్డ వాడాలి. ఈ జబ్బులు చూసేవారిని రుమటాలజిస్టులంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు పాత చీటీలు, వాడిన మాత్రల అట్టలు, ఆ పొడి పొట్లం కూడా సంచిలో వేసుకెళ్ళండి.