కొండవీటి దుర్గం

గుంటూరు నుండి చిలకలూరిపేటకు పోయే బాటసారికి పడమటి దిక్కున ఒక కొండల వరుస గోచరిస్తుంది. ఆ శిఖరాలను కలుపుతూ సాగిన శిథిల ప్రాకారమే కొండవీటి దుర్గం. నేటి పల్నాడు జిల్లాలోని ఈ కోట ఒకనాడు రెడ్డిరాజుల రాజధాని.

1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రోలయ వేమారెడ్డి అద్దంకి కేంద్రంగా స్వతంత్ర రాజ్యాన్ని స్థాపించాడు. మహాకవి ఎఱ్ఱన ఆయన ఆస్థానాన్ని అలంకరించాడు. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి తరలించాడు. దండయాత్రలు ఆగని ఆ కాలంలో మైదానంలోని పట్టణం కంటె గిరిదుర్గమే రాజ్యానికి రక్ష.

అయితే ఎత్తు ఒక్కటే దుర్గాన్ని నిలబెట్టజాలదు. ముట్టడి నెలల తరబడి సాగినప్పుడు శత్రువు ఖడ్గం కంటె దప్పికయే భయంకరం. అందుకే కొండ మీదనే వాననీటిని నిలువ చేసుకున్నారు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అనే మూడు తటాకాలు ఆనాటి ముందుచూపునకు నిదర్శనాలు. ప్రాకారాల కంటె ఇవే ఈ కోటకు అసలైన బలమని చెప్పవచ్చు.

కోట నిండుగా ఉండాలంటే బొక్కసం నిండాలి. అనవోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, విదేశీ వర్తకులకు అభయమిచ్చాడు. అటుపిమ్మట కుమారగిరిరెడ్డి, పెదకోమటి వేమారెడ్డి ఏలుబడి సాగించారు. పెదకోమటి వేముడు స్వయంగా పండితుడు. ఆయన కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా వెలుగొందాడు. రాచవేమారెడ్డి కాలంలో, 1424 ప్రాంతంలో, ఈ రాజ్యం అంతరించింది. నూరేండ్లు మాత్రమే నిలిచిన రాజ్యమిది!

తరువాత దుర్గం గజపతుల వశమైంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దీనిని జయించి, లోపల ఉన్న వీరభద్ర గజపతిని బందీగా పట్టుకున్నాడు. తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి ఇక్కడ పాలనాధికారి అయ్యాడు.

కొండ దిగువన గోపీనాథాలయం ఉంది. దానికి 'కత్తుల బావి' అని జనవ్యవహారం. రాయలు రెడ్డి ప్రముఖులను ఆలయానికి రప్పించి, ఒక్కొక్కరినే లోపల వధింపజేశాడని ఒక గాథ. వినడానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. కాని 1515 నాటికి రెడ్డిరాజ్యం గతించి తొంభై ఏండ్లు దాటింది. రాయలు గెలిచినది గజపతులను. జనుల స్మృతిలో మాత్రం కోట రెడ్లదిగానే మిగిలిపోయింది. ఈ గాథను చరిత్రగా గ్రహించలేము. ఆ మమకారానికి గుర్తుగా గ్రహించవచ్చు.

కుతుబ్‌షాహీల ఏలుబడిలో కొండవీడు 'ముర్తుజానగర్' అయింది. 1788లో గుంటూరు సర్కారు ఆంగ్లేయుల హస్తగతమైంది. అధికారం మైదానంలోని గుంటూరున స్థిరపడగా, కొండమీది కొలువుకు పని లేకపోయింది. కాపలా లేని బురుజులు కూలాయి; గోడల సందులలో చెట్లు మొలిచాయి. ఇప్పుడు ఘాటు రహదారిపై వాహనాలు పైదాకా పోతున్నాయి. శత్రువు చేరరాదని ఎంచుకున్న ఆ శిఖరాన, వానలు కురిసినప్పుడు చెరువులు నేటికీ నిండుతున్నాయి.