సాహస మూలధనము: పాతబస్తీ విద్యార్థికొక మాట

ధనమును అప్పుగా నిచ్చి వడ్డీ గొనుట యొక వృత్తి. నష్టము సంభవించిన తానును నష్టపోవుటకు, లాభము కలిగిన అందు భాగమందుకొనుటకు సిద్ధపడి, ఇంకను నిలదొక్కుకొనని సంస్థలో వాటాదారుగా ప్రవేశించుట వేరొక వృత్తి. ఈ రెండవదానినే నేడు వెంచర్ క్యాపిటల్ అనుచున్నారు. ఇది గచ్చిబౌలి, రాయదుర్గముల మేడలకే చెల్లునని, మూసీకి దక్షిణమున పెరిగినవారికి అందనిదని పాతబస్తీ విద్యార్థులలో నొక సంకోచము కలదు. చరిత్ర దానిని సమర్థింపదు. 1929లోనే నిజాం ప్రభుత్వము ఇండస్ట్రియల్ ట్రస్టు ఫండును నెలకొల్పి నూతన పరిశ్రమలలో వాటాలు కొననారంభించెను. 1942 నాటి ఆల్విన్ కర్మాగారమునకు ఆ నిధియే తోడ్పడెను. మన కాలమున, 2018లో హైదరాబాదున పుట్టిన స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ రాకెట్టును ప్రయోగించుటకు పూర్వమే మదుపుదారులు దానిని నమ్మి ధనమొసగియుండిరి.

ఈ రంగమున కొలువులు స్వల్పము. పెక్కు ఖాళీలు ప్రకటనలకెక్కవు. కావున చార్టర్డ్ అకౌంటెన్సీ చదివియో, స్టార్టప్‌లో కొంతకాలము పనిచేసియో, 2015లో వెలసిన టీ-హబ్ వంటి ప్రోత్సాహక సంస్థలలో అనుభవము గడించియో ప్రవేశించువారే అధికము. ఎనలిస్టుగా చేరినవాడు ప్రతిపాదనలను వడబోయుట, వ్యవస్థాపకులతో మాటలాడుట, లెక్కలను, న్యాయపత్రములను పరిశీలించుట, తుదకు పెట్టుబడి పెట్టదగునా కాదా యని సకారణముగా వ్రాసి పెద్దల ముందుంచుట చేయవలెను.

ఇంటర్వ్యూలో మొదట లెక్క యడుగుదురు. పెట్టుబడికి ముందు 20 కోట్ల విలువగల సంస్థలో 5 కోట్లు పెట్టిన, వచ్చు వాటా 25 శాతము కాదు. మొత్తము విలువ 25 కోట్లగుటచే 20 శాతమే. తరువాతి విడతలో కొత్త మదుపుదారునకు 20 శాతము నీయగా, మన వాటా 16 శాతమునకు దిగును. మదుపుకై మనము కూడగట్టిన నిధి, అనగా ఫండు, 100 కోట్లదైనచో, ఆ మొత్తమంతయు ఈ సంస్థ వలననే తిరిగి రావలెనన్న, దాని విలువ 625 కోట్లకు చేరవలెను. పెట్టుబడులలో పెక్కు మునిగిపోవుటయు, ఒకటి రెండింటి విజయమే ఫండునంతటిని నిలుపుటయు ఈ వృత్తి స్వభావమగుటచే ఇట్లు లెక్కించుదురు.

అసలు పరీక్ష పిమ్మట వచ్చును: “మీరైన దేనిలో పెట్టుబడి పెట్టుదురు?” పత్రికలలో మారుమ్రోగు పేరొకటి వల్లించినవాడు అక్కడనే తేలిపోవును. దీనికి సాధన చేయగోరువారు లాడ్‌బజారునకు పోవలెను. లక్క గాజులను దేశమంతట ఆన్‌లైన్‌లో అమ్మెదనని యొకరు ధనము కోరినారనుకొనుడు. ముడిసరుకు ఖర్చెంత, అప్పుపై సరుకెంతకాలము తిరుగును, పెండ్లిండ్ల ఋతువు ముగిసిన పిదప అమ్మకములెట్లుండును, కొలత సరిపడక తిరిగివచ్చు గాజులెన్ని యని ఉర్దూలోను తెలుగులోను చనవుగా నడిగి తెలిసికొనగల సౌలభ్యము పాతబస్తీ యువతీయువకులకు సహజముగా నున్నది. అట్లు విచారించినపుడు, చేతిపనిచే తయారగు వస్తువుల ఉత్పత్తి మూలధనము పెరిగినంత వేగముగా పెరుగదని, ఆ వర్తకము కుటుంబమును గౌరవముగా పోషింపగలిగినను 625 కోట్లకు ఎదుగుట దుర్లభమని తోపవచ్చును. మంచి వ్యాపారమునకును, ఈ ఫండుకు తగిన వ్యాపారమునకును గల యీ భేదమును గుర్తించి, నిస్సంకోచముగా “వద్ద”ని కారణసహితముగా చెప్పగలుగుటయే ఈ విద్యకు ప్రాణము. ఏ సాక్ష్యము దొరకిన తన యభిప్రాయము మారునో కూడ చెప్పినవాని మాటకు విలువ హెచ్చును.

కనుక ఇంటర్వ్యూ పిలుపునకై వేచియుండక, మీరెరిగిన వ్యాపారములను మూడింటిని ఎన్నుకొని, ఒక్కొక్కదానిపై రెండు పుటల నివేదిక నేడే వ్రాయనారంభింపుడు. పిలుపు వచ్చిననాడు మీ పట్టా కంటె ఆ పుటలే మీ పక్షమున గట్టిగా మాటలాడును.