చందాయు లెక్కయు

పాఠ్యభాగము: 2 కొరింథీయులకు 8:16–21



యెరూషలేములోని బీదల కొరకు మాసిదోనియ, అకయ సంఘములు చందా కూర్చినప్పుడు, పౌలు ఆ సొమ్మును తానొక్కడే చేతపట్టలేదు. తీతును, మరి ఇద్దరు సహోదరులను ఆ పనిలో నియమించెను. తమమీద ఎవరును తప్పు మోపకుండ జాగ్రత్తపడుచున్నట్లు తానే తెలిపెను. అపొస్తలునికే ఇంత జాగ్రత్త కావలసియుండగా మనకెంత కావలెను?

1. కూడి ఇచ్చుట. అమెరికాలోని డెన్వరు పట్టణమునకు పూర్వము గనులలో పని కొరకు కూలివారును, మంచి గాలి కొరకు క్షయరోగులును వచ్చి చేరుచుండిరి. బీదలకు సాయపడు ధర్మసంస్థలు అనేకములుండెను. 1887లో ఫ్రాన్సిస్ జేకబ్స్ అను యూదు స్త్రీయు, కొందరు క్రైస్తవ బోధకులును కలిసి, వాటన్నిటి కొరకు ఒకే చందా వసూలుచేయు ఏర్పాటు చేసిరి. తొలి ఉమ్మడి చందాలో 21,700 డాలర్లు వచ్చెను. ఆ పనియే పెరిగి నేడు యునైటెడ్ వే అను పేర అనేక దేశములలో జరుగుచున్నది.

2. అవసరమునుబట్టి పంచుట. ఇట్టి చందాను పంచుటకు ఊరివారే కమిటీగా కూర్చుండి, ఆయా సంస్థల మనవులు చదివి, వాటి పని విచారింతురు. వైద్యమునకు కొంత, పిల్లల చదువునకు కొంత, అప్పులపాలైన కుటుంబములను నిలువబెట్టుటకు కొంత ఇత్తురు. మూడేల? జ్వరపడిన కూలివానికి మందిచ్చి వాని అప్పు సంగతి విడిచినయెడల, వాని బిడ్డ బడి మాని పనికి పోవును.

3. లెక్క చూపుట. ఆ ఉద్యమపు అమెరికా జాతీయ సంస్థ అధ్యక్షుడు ధర్మపు సొమ్మును స్వంతమునకు వాడుకొనెనను ఆరోపణలమీద 1992లో రాజీనామా చేసెను. 1995లో న్యాయస్థానము అతనిని దోషిగా తీర్చెను. ఆ వార్త విని అనేక చోట్ల జనులు చేయి బిగబట్టిరి. తప్పు చేసినవాడొకడు, కొరతపడినవారు రోగులును బడిపిల్లలును.

మన సంగతి చూచుకొందము. వంటకు ముందు తీసి ఉంచిన పిడికెడు బియ్యము, కోతపండుగనాడు తెచ్చిన ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్లు వేలము వేయగా వచ్చిన రూపాయలు చిన్న సొమ్మనుకొనరాదు. లెక్కించునప్పుడు ఇద్దరికి తక్కువకాకుండ కూర్చుండవలెను. అదే దినమున పుస్తకములో వ్రాయవలెను. నెలకొకసారి ఆరాధన పిమ్మట అందరు వినునట్లు చదువవలెను. లెక్క అడిగిన వృద్ధురాలిని, మమ్మును అనుమానించితివా అని గద్దింపరాదు. ఆమె పిడికెడును అందులో కలదు.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మన సంఘపు సొమ్మును ఎందరు కలిసి లెక్కించుచున్నారు?
2. కడపటిసారి లెక్క ఎప్పుడు చదివి వినిపించితిమి?
3. మన ఊరిలో మందు కొరకు అప్పుచేసి, బిడ్డను బడి మాన్పించిన ఇల్లు ఏది? దానికి ఈ నెల మనమేమి చేయగలము?