వారానికి కాదే చెల్లీ, నెలకి లెక్క వేసుకో

"కుక్కపిల్లకి వారానికి ఎన్నిసార్లు నీళ్ళు పోయాలక్కా?" అని అడుగుతున్నావు. వారం లెక్క వదిలెయ్యవే. ఒళ్ళు బాగుండి, ఇంట్లో మసిలే కుక్కకి మూడు నాలుగు వారాలకోసారి తలంటితే చాలు. పొట్టి వెంట్రుకల నాటు కుక్కయితే ఆరు వారాలు ఆగినా లోటేమీ లేదు.

ఈ మాట నీకు వెంటనే మింగుడు పడదని తెలుసు. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి స్నానం చేస్తే గానీ ప్రాణం కుదుటపడని ఊరు మన భీమవరం. మే నెల ఉక్కలో కట్టుకున్న చీర ఒంటికి అతుక్కుపోతుంటే, నెల్లాళ్ళు స్నానం లేని జీవాన్ని నట్టింట్లో తిరగనిస్తామా అని మీ అత్తగారు అడుగుతారు. అడగడం సబబే. ఆవిడ తన ఒంటిని బట్టి చూస్తున్నారు.

కుక్క ఒళ్ళు వేరు. మనకి నెత్తి నుంచి అరికాలి దాకా చెమట పోస్తుంది. ఆ చెమట ఆరి, మురికి పట్టి, కంపు కొడుతుంది కాబట్టి మనకి రోజూ నీళ్ళు కావాలి. కుక్కకి చెమట పట్టేది ముఖ్యంగా పాదాల అడుగునున్న మెత్తల్లోనే. ఒంట్లో వేడి పోగొట్టుకోడానికే అది నాలుక బయటపెట్టి రొప్పుతుంది. పైగా దాని చర్మం మనకన్నా బాగా పల్చన. మన చర్మం పైపొరలో పది పదిహేను వరసల కణాలుంటే, దానికి మూడు నుంచి ఐదు వరసలే. ఆ పల్చటి పొరని కాపాడేది వెంట్రుకల మొదట్లో ఊరే నూనె. వారం వారం సబ్బు రుద్దావంటే ఆ నూనె పోతుంది. చర్మం పొడిబారి పొట్టు రాలుతుంది, దురద పుడుతుంది, కుక్క గోక్కుంటుంది. పొట్టు చూసి మనం "అయ్యో, మురికి పట్టింది" అని మళ్ళీ నీళ్ళు పోస్తాం. అలా చివరికి పశువుల ఆసుపత్రి మెట్లెక్కిన కుక్కలు మన వీధిలోనే ఉన్నాయి.

మన ఊళ్ళో ఎక్కువమంది ముచ్చటపడి తెచ్చుకునే లాబ్రడార్ సంగతే చూడు. ఆ జాతి పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలర్ల దగ్గర పెరిగినవి. చన్నీళ్ళలో దూకి వలలు లాగడానికి, జారిపోయిన చేపని పట్టి తేవడానికి వాటిని వాడేవారు. అందుకే దానికి పైన బిరుసు వెంట్రుక, కింద దట్టమైన నూగు, ఆ రెంటికీ నీళ్ళు అంటకుండా నూనె. అది తడిసి వచ్చి ఒక్క విదిలింపు విదిలిస్తే సగం నీళ్ళు గోడ మీదికి వచ్చేస్తాయి చూడు, అదంతా ఆ నూనె మహిమే.

సరే, ఇప్పుడు మన ఊరికే ప్రత్యేకమైన విషయానికొస్తా. స్నానం మీద రాసే పుస్తకాలన్నీ ఎన్నిసార్లు పోయాలో చెబుతాయి. ఇక్కడ కాపురముండే నేను మాత్రం ఎలా ఆరబెడుతున్నావని ముందు అడుగుతా. చుట్టూ వరిచేలు, రొయ్యల చెరువులు, చేపల చెరువులు, మధ్యలో కాలవలు, మురుగు కాలవలు. గాలిలోనే నీళ్ళుంటాయి. శ్రావణ భాద్రపదాల్లో దండెం మీద వేసిన తువ్వాలు మర్నాటికి కూడా మెత్తగానే ఉంటుందే, మరి ఒళ్ళంతా రెండు పొరల బొచ్చున్న పొమేరియన్ ఎప్పుడు ఆరుతుంది చెప్పు? పైపైన ఆరినట్టు కనిపిస్తుంది. వేళ్ళు లోపలికి పెట్టి చూస్తే చర్మం దగ్గర చెమ్మ అలాగే ఉంటుంది. ఆ చెమ్మలో బూజు జాతి సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి చర్మం మీద మామూలుగానే ఉంటాయి, తడి దొరికితే చెలరేగుతాయి. ముక్కిన వాసన, జిడ్డు, ఎర్రటి మచ్చలు, నల్లబడి మందమైన చర్మం, అన్నీ వాటి చలవే. చంకల్లో, గజ్జల్లో, వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద, చెవుల్లో ఈ జబ్బు మొదలవుతుంది.

అందుకని నీళ్ళు పోసే రోజు నువ్వు ఎంచుకోవాలి. ఎండ కాసే రోజు చూసుకో, పొద్దున్న తొమ్మిదీ పదీ మధ్య మొదలుపెట్టు. మబ్బు పట్టిందా, మానెయ్. ఇంకో వారం ఆలస్యమైతే కొంపలేమీ మునగవు. వానాకాలంలో నేను నెల దాటించేస్తాను, మధ్యలో దువ్వెనతోనే సరిపెడతాను.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మనకి బోరు వేస్తే ఉప్పునీళ్ళే కదా. ఆ నీళ్ళలో షాంపూ నురగ రాదు. రాలేదని ఇంకాస్త పోస్తాం, అదేమో పూర్తిగా వదలదు, ఆరాక తెల్లటి పొడిలా మిగిలి దురద పెడుతుంది. ఒళ్ళు బోరు నీళ్ళతో తడిపినా, చివరి రెండు బకెట్లు మాత్రం మున్సిపల్ కుళాయి నీళ్ళు పొయ్యి. వేసవిలో కాలవలు కట్టేసి, మంచినీళ్ళ చెరువుల్లో నీళ్ళు అడుగంటుతున్న రోజుల్లో కుక్కకి రెండు బకెట్ల మంచినీళ్ళా అని అనిపిస్తుంది. నెలకోసారే కాబట్టి ఆ మాత్రం ఇవ్వొచ్చు. కుక్కని తీసుకెళ్ళి కాలవలోనో చేలో పంట బోదెలోనో దింపి కడిగే అలవాటు మాత్రం వద్దే. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. మనవాళ్ళు ఎలుక జ్వరమంటారు. అది కుక్కకి వస్తుంది, కుక్క నుంచి మనకీ అంటుతుంది. టీకా ఉంది, వేయించావో లేదో కార్డు తీసి చూసుకో.

నేను ఎలా పోస్తానో చెబుతా విను. ముందు పొడి ఒంటినే దువ్వుతాను. ఉండలు కట్టిన వెంట్రుకలు తడిస్తే ఇంకా బిగుసుకుంటాయి, వాటి కింద చర్మం ఆరదు. మెడపట్టీ విప్పేస్తాను. చెవి రంధ్రం దగ్గర కాస్త దూది పెడతాను, లోతుగా దూర్చను. మా కుక్క బుజ్జి గచ్చు మీద జారితే బెదురుతుంది, అందుకని కాళ్ళ కింద పాత గోనె పరుస్తాను. గోరువెచ్చని నీళ్ళు మగ్గుతో మెడ నుంచి వెనక్కి, ముఖాన్ని తడిగుడ్డతో తుడవడమే. షాంపూ నేరుగా ఒంటి మీద ఒంపకుండా మగ్గు నీళ్ళలో కలుపుతాను. అప్పుడు సమంగా పడుతుంది, తేలిగ్గా వదులుతుంది. కడిగాక అరచేత్తో ఒళ్ళంతా నొక్కి నిమురుతాను. చెయ్యి జారుతుంటే షాంపూ ఇంకా ఉన్నట్టే.

ఆ తర్వాతదే అసలు పని. నీళ్ళు పోయడానికి పావుగంట పడితే, ఆరబెట్టడానికి ముప్పావుగంట కేటాయించుకో. మొదటి తువ్వాలుతో రుద్దకుండా అద్దు, నీళ్ళు పీల్చుకోనీ. రెండోదానితో వెంట్రుకలకి ఎదురుగా తుడువు. పాదం పైకెత్తి ఒక్కో వేలి సందులో తువ్వాలు కొస దూర్చి తుడవాలి, దానికి గిలిగింత పుట్టి కాలు లాక్కుంటుంది, ఓపిక పట్టు. చెవి రెక్క తిరగేసి లోపలివైపు తుడిచి, దూది తీసెయ్. ఆ తర్వాత ఫ్యాను కింద కూర్చోబెట్టి, వీపు మీద వెంట్రుకలు పాయ తీసినట్టు చేత్తో విడదీసి చర్మం చూడు. పొడిగా, లేత రంగులో కనిపించిందా, అయిపోయినట్టు. హెయిర్ డ్రయర్ వాడితే చల్లగాలే పెట్టు. మనకి వెచ్చగా అనిపించే గాలి దాని పల్చటి చర్మాన్ని కాల్చెయ్యొచ్చు.

"మరి వాసనొస్తోందక్కా" అంటావు. వాసనొస్తే బకెట్ దగ్గరికి పరిగెత్తకుండా, ఎక్కణ్ణుంచి వస్తోందో ముక్కు పెట్టి వెతుకు. చెవిలోంచి పులిసిన వాసన వస్తూ, గోధుమరంగు గులిమి కనిపిస్తే చెవి పుండు పడుతోందన్నమాట. నోట్లోంచి వస్తే పళ్ళకి గార పట్టింది. ఇంకోటుంది, నీచు వాసన. మన ఊళ్ళో నీచు వాసన వస్తే రొయ్య తలకాయలు ఎక్కడో కెలికిందనుకుంటాం. వెనక భాగంలో మలద్వారానికి అటూ ఇటూ రెండు చిన్న తిత్తులుంటాయి. అవి నిండి ఖాళీ కాకపోతే అచ్చం నీచు వాసనే. కుక్క పిర్రలు నేలకేసి ఈడ్చుకుంటుంటే అదేనని అనుమానించు. ఈ మూడింటికీ స్నానం మందు కాదు, డాక్టరే చూడాలి. నిజంగానే చచ్చిన చేప మీద పొర్లాడి వచ్చినా, మురుగు కాలవలో దిగి వచ్చినా నెల లెక్క చూడొద్దు, ఆ పూటే కడిగెయ్.

గోమార్ల కోసం రోజూ నీళ్ళు పోసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. గోమారి నీళ్ళకి వదలదు. ఒంటి మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్ళలో, గడప సందుల్లో, కుక్క పడుకునే గోనె కింద ఉంటాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందికి దిగి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఆ సందులన్నీ వెతికి శుభ్రం చేస్తూ, కుక్కకి డాక్టరు చెప్పిన మందు వాడాలి. నెలకోసారి, మూడు నెలలకోసారి వేసే మాత్రలొచ్చాయి. మెడ వెనక పోసే చుక్కల మందూ ఉంది. చుక్కలు వేస్తే దానికి రెండు రోజుల ముందూ రెండు రోజుల తర్వాతా స్నానం వద్దు. ఆ మందు చర్మం నూనెలో కలిసి ఒళ్ళంతా పాకాలి కదా! చుక్కలేసిన మర్నాడే తలంటి, "మందు పని చెయ్యలేదు" అనేవాళ్ళు చాలామంది. గోమార్లు పట్టిన కుక్క తిండి మానేసినా, జ్వరంతో ముడుచుకు పడుకున్నా, ముక్కులోంచి రక్తం కనిపించినా ఆలస్యం చెయ్యకు. అవి మోసుకొచ్చే జ్వరం ప్రాణం తీస్తుంది.

పశువులకి వాడే గోమార్ల మందు మూత కొలతన నీళ్ళలో కలిపి కుక్క మీద పోయడం మన పల్లెల్లో మామూలే. దయచేసి నువ్వా పని చెయ్యకు. కుక్క తన ఒళ్ళు తానే నాక్కుంటుంది, ఒంటి మీద పోసింది కడుపులోకి పోతుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే మరీ జాగ్రత్త. కుక్కల మందుల్లో కొన్నిట్లో ఉండే పర్మెత్రిన్ పిల్లిని చంపేస్తుంది. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం కూడా అంతే, కర్పూరం నాకితే కుక్కకి విషం. గజ్జికి కాలిన ఇంజనాయిలు పూయడమంటే ఆ మూగజీవాన్ని హింసించడమే. డెట్టాల్ నీళ్ళు, మనుషుల సబ్బు, పిల్లల షాంపూ, ఏదీ దానికి సరిపడదు. దాని చర్మంలో పులుపు గుణం మనకన్నా తక్కువ. కుక్కల షాంపూ చిన్న సీసా తెచ్చుకున్నా, నెలకోసారే కాబట్టి చాన్నాళ్ళొస్తుంది. కుంకుడుకాయ రసం మాటేమిటంటావా? కళ్ళలో పడితే మనమే కేకలు పెడతాం, అది ఎవరితో చెప్పుకుంటుంది?

చర్మవ్యాధి వచ్చినప్పుడు లెక్క మారిపోతుంది. డాక్టరు మందు షాంపూ రాసి వారానికి రెండుసార్లు పొయ్యమంటే తప్పకుండా పొయ్యాలి. అక్కడ చాలామంది చేసే పొరపాటు, నురగ రాగానే కడిగెయ్యడం. మందు షాంపూ పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి. గడియారం చూసుకో, ఈలోగా కబుర్లు చెప్పు. ముదిరిన చర్మ సమస్యయితే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ చూపించొచ్చు.

మీది రెండు నెలలు నిండని కూన కాబట్టి, ఇప్పుడు దానికి నీళ్ళే వద్దు. గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టు, అంత చిన్నవి వేడి నిలుపుకోలేవు. టీకా వేయించిన తర్వాత కూడా రెండు మూడు రోజులు స్నానం మానెయ్. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా మర్చిపోకు. ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. 1885లో లూయీ పాశ్చర్ తొలిసారి ఒక పిల్లాడికి రేబిస్ టీకా ఇప్పించిన రోజది.

ఇక మీ అత్తగారి విషయం. ఆవిడ దేవుడి గది కోసం బాధపడుతున్నారు కాబట్టి దానికి దారి చూపించు. కుక్క బయట్నుంచి వచ్చినప్పుడల్లా గడపలోనే నాలుగు కాళ్ళూ తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తు. రోడ్డు మురికి ఇంట్లోకి వచ్చేది దాని కాళ్ళతోనే. దాని పక్క గుడ్డలు వారానికోసారి వేడినీళ్ళలో ఉతుకు. రోజూ పెరట్లో కాసేపు దువ్వు, రాలే బొచ్చు అక్కడే రాలిపోతుంది. దేవుడి గదికి చిన్న అడ్డుతలుపు పెట్టించు. ఇవన్నీ ఆవిడ కళ్ళ ముందే చెయ్యి. రోజూ స్నానం చేయించమని ఇక అడగరు. మా ఇంట్లో మా అమ్మే, ఇప్పుడు కాళ్ళు తుడిచే గుడ్డ తానే ఉతికి ఆరేస్తోంది.

కూన ఇంకా చిన్నది, పైగా ఇప్పుడు మీకు మబ్బు పట్టే ఉంది కాబట్టి బకెట్ జోలికి పోకు. దాని మెడపట్టీ మాత్రం ఇవాళే ఓసారి విప్పి, కింద చర్మం ఏ రంగులో ఉందో చూసి నాకు ఫోన్ చెయ్యి.