తెరమీది సంకెళ్ళు

ఫిల్మ్ సొసైటీల్లో తిరుగుతూ జుట్టు నెరిసినవాణ్ణి. నల్లజాతి బానిసత్వం మీద వచ్చిన సినిమాలు చూస్తూ, చూపిస్తూ, వాటి గురించి వాదులాడుతూ తెలుసుకున్నవి కొన్ని రాస్తున్నాను. 'రూట్స్' నవలను సహవాసి తెలుగులోకి తెచ్చిన 'ఏడు తరాలు' ఉన్న ఇళ్ళలో పెరిగిన పిల్లలకు ఇవి అక్కరకొస్తాయని నా నమ్మకం.

1. అందంగా చెప్పిన అబద్ధానికి ఆయుష్షు ఎక్కువ.

డి.డబ్ల్యు. గ్రిఫిత్ 1915లో తీసిన 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' చూసి ఎడిటింగ్ నేర్చుకోవాలని మాకు పెద్దలు చెప్పారు. అలాగే చూశాం. అందులో ముఖానికి నల్లరంగు పూసుకున్న తెల్లనటులు నల్లవాళ్ళను కాముకులుగా, మూఢులుగా చూపిస్తారు. తెల్లవాళ్ళ ఆధిపత్యం కోసం హింసకు దిగే కూ క్లక్స్ క్లాన్ ముఠా గుర్రాలెక్కి రక్షకుల్లా దిగుతుంది. ఆ సినిమాను వైట్‌హౌస్‌లో ప్రదర్శించారు. ఎప్పుడో అణగారిపోయిన క్లాన్ అదే ఏడాది జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద మళ్ళీ పుట్టింది. షాట్ల కూర్పు గురించి గంటలు మాట్లాడుకున్న మేము ఈ సంగతి ఎత్తనే లేదు. ఆ మౌనం నన్నిప్పటికీ బాధిస్తుంది.

ఐదేళ్ళ తరవాత ఆస్కార్ మిషో అనే నల్లజాతి దర్శకుడు 'విదిన్ అవర్ గేట్స్'లో తెల్లమూక ఒక కౌలురైతు దంపతులను చంపడం చూపించాడు. ఆ చిత్రం దశాబ్దాల పాటు జాడలేకుండా పోయి, చివరికి స్పెయిన్‌లో ఒక ప్రింటు దొరికింది. గ్రిఫిత్ సినిమాకు ఆ గతి ఎన్నడూ పట్టలేదు.

2. సన్మానం వేరు, సమానత్వం వేరు.

'గాన్ విత్ ద విండ్'లో మామీ అనే బానిస పాత్రకు హ్యాటీ మెక్‌డానియల్ 1940లో ఆస్కార్ అందుకుంది. నల్లజాతికి దక్కిన తొలి ఆస్కార్ అదే. ఆ రాత్రి ఆమెను తోటి నటుల బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు, విడిగా కూర్చోబెట్టారు. అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకైతే రానే రానివ్వలేదు.

3. కన్నీళ్ళు తొందరగా ఆరిపోతాయి.

1977 నాటి 'రూట్స్' ధారావాహికను వీడియో క్యాసెట్ల మీద వేసేవాళ్ళం. బానిసగా అమ్ముడైన కుంటా కింటే, యజమాని పెట్టిన 'టోబీ'యే తన పేరని ఒప్పుకునేదాకా కొరడాతో కొట్టే ఘట్టానికి హాలంతా ఏడ్చేది. చర్చ నడిపేది నేనే. ఆ ఏడుపుతోనే అందరినీ ఇళ్ళకు పంపేవాణ్ణి. అన్నిసార్లు పారిపోయి, చివరికి పాదం నరికించుకున్న మనిషి అతడు. ఏ ఆశతో పారిపోయాడు, పట్టుబడ్డాక మళ్ళీ ఎలా తెగించాడు అని నేను అడగలేదు, వాళ్ళ చేత అడిగించలేదు.

2013లో స్టీవ్ మెక్‌క్వీన్ తీసిన '12 ఇయర్స్ ఎ స్లేవ్' చూశాక ఆ లోటు మరింత తెలిసొచ్చింది. సాలమన్ నార్తప్ న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన స్వతంత్రుడు. 1841లో వాషింగ్టన్‌లో అతణ్ణి మాయచేసి ఎత్తుకుపోయి లూసియానాలో అమ్మేశారు. సినిమాలో అతడు మెడకు ఉరితాడుతో, బురదలో మునివేళ్ళ మీద నిలబడి చాలాసేపు ఊపిరి నిలుపుకుంటాడు. వెనకాల తోటివాళ్ళు తమ పనుల్లో ఉంటారు, పిల్లలు ఆడుకుంటుంటారు. అందరూ చెప్పుకునే దృశ్యమిది. దానికి ముందు జరిగింది చూడండి. కొట్టవచ్చిన తెల్లవాణ్ణి కింద పడేసి, కొరడా లాక్కుని, సాలమన్ వాణ్ణే కొడతాడు. ఉరి దానికి శిక్ష. ఈ వరుస మరిచిపోతే మనకు మిగిలేది జాలి ఒక్కటే.

4. విడిపించినవాడి పేరే గుర్తుంటే కథ సగమే విన్నట్టు.

స్పీల్‌బర్గ్ 'అమిస్టాడ్' (1997) ఎంత గొప్పగా మొదలవుతుంది! బానిసలను తరలించే ఓడలో, చీకట్లో, సింకే అనే బందీ చెక్కలోంచి మేకు పీకుతుంటాడు, వేళ్ళు నెత్తురోడుతుంటాయి. 1839లో ఓడను వశం చేసుకున్నది ఆ బందీలే. తరవాత కథ కోర్టుకెక్కుతుంది, వాళ్ళ తరఫున అమెరికా మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ చేసే ప్రసంగం హాలును కదిలిస్తుంది. నేనూ కదిలిపోయాను. కానీ ఆ బందీల్లో కాలే అనే కుర్రాడు జైల్లో ఇంగ్లీషు నేర్చుకుని, 1841లో ఆడమ్స్‌కు స్వయంగా ఉత్తరం రాశాడని చాలాకాలం తరవాత పుస్తకాల్లో చదివాను.

5. దయతో వచ్చిన స్వేచ్ఛకు దయతోనే గడువు తీరుతుంది.

పొంటెకోర్వో 1969లో తీసిన 'బర్న్!' వెతుక్కుని చూడండి. కరీబియన్‌లోని ఒక కల్పిత చెరకుదీవి. బ్రిటిష్ ఏజెంటుగా మార్లన్ బ్రాండో అక్కడి నల్లవాళ్ళను తిరుగుబాటుకు పురిగొల్పి, అవసరం తీరాక అణచడానికి మళ్ళీ వస్తాడు. చివర్లో, పట్టుబడిన తిరుగుబాటు నాయకుడు హోసే డోలొరెస్‌కు కట్టిన కట్లు తనే కోసి, పారిపొమ్మంటాడు. డోలొరెస్ కదలడు. శత్రువు ఇచ్చే ప్రాణం అతనికి అక్కర్లేదు. ఆ పాత్ర వేసిన ఎవరిస్తో మార్కెజ్ కొలంబియాకు చెందిన మామూలు మనిషి, నటుడు కాడు.

హైలీ గెరీమా 'సాంకోఫా' (1993) కూడా తిరగబడ్డవాళ్ళ వైపు నుంచి చెప్పిన కథే. అమెరికాలో పంపిణీదారులు ముందుకు రాకపోతే ఆయనే థియేటర్లు అద్దెకు తీసుకుని ఊరూరా ఆడించాడు.

6. తీయని సినిమాలనూ లెక్కలో వేసుకోవాలి.

హైతీలో బానిసలు 1791లో తిరగబడి, నెపోలియన్ సైన్యాన్ని ఓడించి, 1804లో సొంత దేశం నిలబెట్టుకున్నారు. ఆ తిరగబడ్డవాళ్ళే కథానాయకులుగా హాలీవుడ్ ఒక్క భారీ చిత్రం తీయలేదు. నటుడు డానీ గ్లోవర్ తిరుగుబాటు నాయకుడు టూసాన్ లూవెర్చ్యూర్ కథ తీయాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించాడు. ఇందులో తెల్లహీరో ఎక్కడని నిర్మాతలు అడిగారని ఆయనే చెప్పాడు. ఆ సినిమా రాలేదు. ట్రినిడాడ్‌కు చెందిన సి.ఎల్.ఆర్. జేమ్స్ 1938లోనే ఆ కథంతా 'ద బ్లాక్ జాకోబిన్స్'గా రాసిపెట్టాడు. సినిమా వచ్చేదాకా ఆగకండి, ఆ పుస్తకం చదవండి.