తోకచుక్క త్రోవను లెక్కించుట



2024 అక్టోబరు నెలలో, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట, పడమటి దిక్కున కొన్ని దినములు ఒక తోకచుక్క కనబడినది. త్సుచిన్షాన్-అట్లాస్ అని దానికి పేరు. ఆ దినములలో మేమొక పల్లెకు ఆరాధనకై వెళ్లితిమి. కూడిక ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు మమ్మును ఆపి, "అయ్యగారూ, తోకచుక్క పొడిచిందంట. ఊరికేమైనా కీడా?" అని అడిగెను. ప్రక్కనున్న ఆమె మనుమడు, పదేండ్లవాడు, "దాని దారంతా ముందే లెక్క కట్టేశారు మామ్మా" అనెను. "ఆకాశంలో పోయేదానికి దారేంట్రా, లెక్కేంట్రా?" అని ఆమె నవ్వినది. ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. కనుక ఈ నెల దానినే పాఠముగా తీసికొనుచున్నాము.

తోకచుక్క చుక్క కాదు. అది మంచును ధూళియు కలిసిన గడ్డ. సూర్యునికి దూరముగా నున్నంతకాలము అది చీకటిలో గడ్డకట్టి యుండును. సూర్యుని సమీపించినప్పుడు వేడికి ఆ మంచు ఆవిరియై ధూళిని వెంటబెట్టుకొని పైకి లేచును. అదియే తలచుట్టు వెలుగు, అదియే తోక. తోక వెనుకకు వ్రేలాడునని చాలమంది తలంతురు, అది సరికాదు. తోక ఎప్పుడును సూర్యునికి ఎదురు దిక్కునకే చాచుకొని యుండును. కనుక తోకచుక్క సూర్యుని విడిచి పోవునప్పుడు తోకయే ముందు నడుచును! 1531లో పీటర్ ఏపియన్ అను జర్మను పండితుడు దీనిని గమనించి వ్రాసిపెట్టెను. ఆయన వ్రాసిపెట్టుట వలన కలిగిన మేలు ముందు చూతము.

ఇక త్రోవ సంగతి. చుక్కలన్నియు ఒకదానికొకటి కదలక నిలిచియుండును గనుక అవి మనకు పొలిమేర రాళ్లవంటివి. తోకచుక్క ఈ రాత్రి ఏ చుక్కకు ఎంత ఎడమున నున్నదో కొలిచి, గంట నిమిషములతో వ్రాసి, మరి కొన్ని రాత్రుల తరువాత మరల కొలువవలెను. ఇట్లు కనీసము మూడు రాత్రుల కొలత కావలెను. అయితే కొలుచువాడు కూడ నిలిచి యుండలేదు, భూమితోబాటు తిరుగుచున్నాడు. బండిలో పోవువానికి దారి ప్రక్క చెట్లు కదలినట్లు కనబడును గదా! ఆ కదలికను తీసివేసిన తరువాతనే అసలు త్రోవ తేలును. మూడు కొలతలతో త్రోవంతయు ఎట్లు తెలియుననగా, సూర్యుని ఆకర్షణకు లోబడినది ఇష్టము వచ్చినట్లు తిరుగలేదు. దాని త్రోవ ఎంత సాగినది, ఎంత వాలినది, ఏ దిక్కునకు తిరిగియున్నది, సూర్యునికి మిక్కిలి సమీపించు స్థలమేది, దినమేది, ఈ కొద్ది అంకెలు దొరికిన చాలును.

ఎడ్మండ్ హేలీ అను ఆంగ్లేయుడు 1682లో ఒక తోకచుక్కను చూచెను. న్యూటను కనుగొనిన సూత్రములను పట్టుకొని, పాతవారు వ్రాసిపెట్టిన కొలతలను వెదకి, 24 తోకచుక్కల త్రోవలను లెక్కగట్టి 1705లో పట్టికగా ప్రకటించెను. ఆ పట్టికలో మూడు వరుసలు ఇంచుమించు ఒకటిగానే యుండెను: 1531లో ఏపియన్ చూచినది, 1607లో కెప్లరు చూచినది, 1682లో తాను చూచినది. మూడును ఒకే వాలున, గ్రహములు తిరుగు దిక్కునకు ఎదురుగా నడచినవి. ఇవి మూడు కావు, ఒక్కటే మరల మరల వచ్చుచున్నదని హేలీ గ్రహించెను. కాని ఒక చిక్కు గలదు. మొదటి ఎడము 76 ఏండ్లు దాటినది, రెండవది 75 ఏండ్లు నిండలేదు. త్రోవలో గురుగ్రహము దానిని లాగుటయే కారణమని ఆయన సరిగా ఊహించి, 1758 చివర అది మరల వచ్చునని చెప్పెను. 1742లో ఆయన మరణించెను; తన మాట నెరవేరుట చూడలేదు.

ఆ సంవత్సరము దగ్గరపడినప్పుడు ఫ్రాన్సు దేశములో క్లేరో అను గణితజ్ఞుడు, లలాండ్ అను యువకుడు, నికోల్-రేన్ లెపోత్ అను స్త్రీ లెక్కకు కూర్చుండిరి. తోకచుక్క నడచిన 150 ఏండ్ల త్రోవలో గురుడు, శని దానిని ఎప్పుడెప్పుడు ఎంతెంత లాగినవో అంచెలంచెలుగా తేల్చవలెను. యంత్రము లేదు, కాగితము, సిరా, ఓర్పు మాత్రమే. ఆరు నెలలు ఉదయము మొదలు రాత్రి వరకు పాటుపడిరి. గురుని వలన 518 దినములు, శని వలన 100 దినములు ఆలస్యమగునని తేలినది. 1759 ఏప్రిల్ నడుమ అది సూర్యుని సమీపించును, ఒక నెల అటో ఇటో కావచ్చునని క్లేరో ప్రకటించెను. తరువాత అచ్చువేసిన గ్రంథములో ఆయన లెపోత్ గారి పేరును విడిచిపెట్టుట మాకు న్యాయముగా తోచలేదు.

దానిని మొదట చూచినదెవరు? పారిసులో మెస్సియే అను ఆయన నెలల తరబడి వెదకుచుండెను గాని, తన పై అధికారి గీసి యిచ్చిన పటము తప్పుగా నున్నందున వేరొక తావున వెదకెను. డ్రెస్డెన్ పట్టణము చెంత ప్రోలిస్ అను పల్లెలో యోహాన్ పాలిట్ష్ అను రైతు గలడు. ఆయన తనంతట తానే ఖగోళశాస్త్రము నేర్చుకొనినవాడు. 1758 డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు రాత్రి, తన దుర్భిణిలో ఆ మసక వెలుగును మొదట చూచినవాడు ఆయనే! తోకచుక్క 1759 మార్చి 13న సూర్యుని సమీపించెను. లెక్క ఒక నెల తప్పినది. తప్పదా మరి! యురేనస్, నెప్ట్యూన్ అను గ్రహములున్నవని ఆనాటికి ఎవరికిని తెలియదు. అదిగాక, ఆవిరి చిమ్ముటలో తోకచుక్క తన్నుతానే కొంచెము త్రోసికొనును. దాని వలన కూడ హేలీ చుక్క చుట్టు చుట్టుకు నాలుగు దినములు ఆలస్యమగుచున్నది.

ఆ లెక్క నేడు ఎంత సూక్ష్మమైనదో చూడుడి. 1982 అక్టోబరు 16న అమెరికాలోని పాలోమార్ దుర్భిణితో హేలీ చుక్కను తిరిగి కనుగొనిరి. కంటికి కనబడు చివరి చుక్క కంటె అది కోటి రెట్లకు మించి మసకగా నుండెను. అయినను, లెక్క చూపిన చోటికి పూర్ణచంద్రుని వెడల్పులో రెండు వందల వంతు దూరములోనే అది దొరికినది.

త్రోవ ఇట్లు చిక్కినను వెలుగు అంత సులభముగా చిక్కదు. వెలుగును తరగతులుగా కొలుతురు. అంకె పెరిగిన కొలది వెలుగు తగ్గును. ఆరవ తరగతి చుక్క కంటికి చివరి హద్దు. తోకచుక్క మనకు రెట్టింపు దూరమైనచో వెలుగు నాలుగవ వంతగును. సూర్యునికి సగము దూరమునకు వచ్చినచో ఉత్త రాయి నాలుగు రెట్లు వెలుగును. తోకచుక్కయైతే ఆవిరి పెరుగుట వలన తరచుగా పదహారు రెట్లు వెలుగును. ఇది సగటు మాట మాత్రమే. 1973లో కొహూటెక్ తోకచుక్క మిక్కిలి ప్రకాశించునని పత్రికలు చాటగా, అది అనుకొనినంత వెలుగలేదు. 2007 అక్టోబరులో హోమ్స్ తోకచుక్క రెండు దినములైన గడువక మునుపే అయిదు లక్షల రెట్లు వెలిగి కంటికి కనబడినది. ఎవరును ముందుగా చెప్పలేదు.

భయము సంగతి కూడ చెప్పవలెను. 1910 మే నెలలో భూమి హేలీ చుక్క తోకగుండ పోవునని, ఆ తోకలో విషవాయువున్నదని తెలిసి చదువుకొనినవారే గడగడలాడిరి. కొందరు తాళపుచెవి రంధ్రములను మూసికొనిరి; కొందరు తోకచుక్క మాత్రలమ్మి సొమ్ము చేసికొనిరి. తోక మిక్కిలి పలుచన గనుక ఏమియు జరుగలేదు. మేము ఆ వృద్ధురాలికి ఈ సంగతి చెప్పి యిర్మీయా గ్రంథము 10వ అధ్యాయము 2వ వచనమును చదివి వినిపించితిమి. అప్పుడామె, "అయితే బేత్లెహేము చుక్క ఇదేనా?" అని అడిగెను. హేలీ చుక్క క్రీ.పూ. 12లో వచ్చినది, ప్రభువు జన్మమును పండితులు సాధారణముగా క్రీ.పూ. 6, 4 నడుమ ఉంచుదురు గనుక ఆ రెంటికి పొత్తు కుదరదని చెప్పితిమి.

మీ ఊరిలో ఇకమీదట ఎప్పుడైన తోకచుక్క కనబడినచో ఒక పుస్తకములో తేదీ, గంట వ్రాసి, చుట్టునున్న చుక్కలను గీసి, దాని స్థానము గుర్తు పెట్టుడి. దానికంటె కొంచెము ప్రకాశమైన చుక్క నొకదానిని, కొంచెము మసకయైన దానిని ఎంచుకొని, వాటి నడుమ అది ఎక్కడ నిలుచునో వ్రాయుడి. వారము దినములు వ్రాసినచో త్రోవయు, వెలుగు పెరిగినదో తగ్గినదో మీకే తెలియును. చంద్రుడున్న రాత్రులు, మబ్బు రాత్రులు కూడ వ్రాయవలెను, లేనిచో పొరబడుదురు.

హేలీ చుక్క 2023 డిసెంబరులో నెప్ట్యూను కక్ష్యకును ఆవలనున్న తన దూరపు కొనను ముట్టి వెనుదిరిగినది. అక్కడ అది సెకండుకు ఒక కిలోమీటరైనను నడువదు. సూర్యుని చెంత 54 కిలోమీటర్లు పరుగెత్తును. 2061 జూలై 28న అది మరల సూర్యుని సమీపించును. 1986లో కనబడిన దానికంటె అప్పుడు బాగుగా కనబడును. ఆ వృద్ధురాలి మనుమనికి అప్పటికి నలువది యేడేండ్లుండును.